నట్టింట్లో రెండు టర్బోలు

నట్టింట్లో నట్లు పరుచుకుని కూర్చున్నాడు పంపాయన. అడుగున పాత దుప్పటి, దుప్పటి మీద పేపర్లు, పేపర్ల మీద రెండు స్టీలు పళ్ళేలు, పళ్ళేనికొకటి చొప్పున రెండు టర్బోలు. నీటి సరఫరా వాళ్ళ పంపుహౌసులో ముప్పై ఒక్క ఏళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి కాబట్టి వీధి మొత్తానికీ ఆయన పంపాయన. ఎవరింట్లో ఏది కారినా ముందు ఆయనకే కబురు పంపుతారు. పనయ్యాక కాఫీ ఇచ్చి పంపుతారు.

"అవి మనం తినే పళ్ళేలు," అంది వంటగది గుమ్మంలోంచి ఆయన భార్య.

"కడిగి ఇస్తాలేవే."

"దేంతో? డీజిల్‌తోనా?"

ఆయన మొదటి టర్బో ఒళ్ళో పెట్టుకుని, మధ్య ఇరుసు కొసను రెండు వేళ్ళతో పట్టుకుని ఊపాడు. టక్ టక్ మంది. రెండోదీ ఊపాడు. అదీ టక్ టక్. టర్బో చూడ్డానికి రెండు నత్తగుల్లలు వీపులానించుకుని కూర్చున్నట్టుంటుంది. ఒక గుల్లలోకి ఇంజిను వదిలే వేడి పొగ వచ్చి రెక్కల చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు రెండో కొసనున్న చక్రం రెండో గుల్లలోంచి చల్లగాలిని ఇంజిన్లోకి నెడుతుంది. చిటికెన వేలంత లావు కూడా లేని ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు తిరుగుతుంది. దానికీ, చుట్టూ కడియాల్లా ఉన్న ఇత్తడి బుష్షులకీ మధ్య ఉండేది సన్నటి చమురు పొర ఒక్కటే. ఆ పొర ఉన్నన్నాళ్ళూ కాపురం సజావుగా సాగుతుంది. లేనినాడు ఇనుమూ ఇత్తడీ ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. ఇక్కడ కొరుక్కున్నాయి. వారం రోజుల నుంచీ బండి ఎటు వెళ్తే అటు వెనకాలే నీలం పొగ బయల్దేరుతోంది.

బండి కోడలిది. ఆరు సిలిండర్ల పాత బండి, పెళ్ళికి ముందే కొనుక్కుంది. వారానికి మూడు రోజులు తెల్లవారి ఆరింటికల్లా ముగ్గురు రోగుల్ని ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని డయాలసిస్ కేంద్రం గేటు ముందు దింపుతుంది. మళ్ళీ వాళ్ళని ఇళ్ళకు చేరుస్తుంది. ఈ వారం పొగ చూసి కేంద్రం వాళ్ళు వేరే బండి పెట్టుకున్నారు. సోమవారం ఆరింటికి మీ బండి రాకపోతే ఆ బండినే ఖాయం చేస్తామని అక్కడి క్లర్కు ఫోన్లో చెప్పాడు. ఇవాళ గురువారం.

పంపాయన మేకు మొనతో మొదటి టర్బో ఇరుసు మీదా, చక్రం మీదా, నట్టు మీదా కలిసేలా ఒక గీత గీశాడు. రెండోదాని మీద రెండు గీతలు. ఏ చక్రం ఏ ఇరుసు మీద ఏ వాటంలో కూర్చుందో మళ్ళీ అలాగే కూర్చోవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా, లక్ష చుట్లలో ఆ తేడా ఇంటి పైకప్పు దాకా ఎగురుతుంది. తర్వాత నట్టుకు పానా తగిలించి అందరూ విప్పే వైపుకు కాకుండా ఎదురు తిప్పాడు. ఎడమ మర నట్టు. కిచ్చుమని వదిలింది.

"చూశావా," అన్నాడు, ఎవరూ చూడకపోయినా. "తెలియనివాడైతే ఈపాటికి విరగ్గొట్టేవాడు. మర మర్యాద తెలిసుండాలి."

బుష్షులు బయటికొచ్చాయి. ఒకవైపు అరిగి కోడిగుడ్డు వాటానికి వచ్చేశాయి. ఇరుసు మీద వేలి వెడల్పున నీలం చార. వేడికి కమిలింది. ఆయన దాన్ని కిటికీ వెలుగులోకి పట్టి పెద్దగా పిలిచాడు.

"ఇటు రామ్మా ఒకసారి."

కోడలు తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"ఈ నీలం ఎందుకొచ్చిందో తెలుసా? చమురు అందక. చమురెందుకు అందలేదు? బండి ఉరికించి, ఆగీ ఆగగానే టక్కున తాళం తిప్పి ఆపేస్తే ఎలా అందుతుంది? లోపల చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. దానికి గొంతు తడిసేదెట్లా?"

"నేను అలా ఆపను మామయ్యగారూ. వాళ్ళు దిగేసరికే..."

"ఇరుసే చెబుతోందిగా! మనుషులు అబద్ధం చెప్తారు గానీ ఇనుము చెప్తుందా?"

"బండికి పొగ, నీకు పొగరు," అంది గుమ్మంలోంచి అత్తగారు. "ఆయన చెప్తుంటే వినవేం?"

కోడలు ఇరుసు వంక కాసేపు చూసింది. తర్వాత లోపలికి వెళ్ళింది. బండి తాళం చెవి నిన్న రాత్రే టీవీ పక్కన పెట్టేసింది. అలా పెట్టించిన మాట పంపాయనదే. టర్బోలు బాగయ్యాక బండి నా బావమరిది నడుపుతాడు, నువ్వు కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండు అన్నాడు. ఓడరేవులో క్రేను నడిపే కొడుకు పదిహేను రోజులకోసారి గానీ ఇంటికి రాడు. ఫోన్లో వాడూ, "నాన్నకి మెషీన్ల సంగతి తెలుసు, ఆయన చెప్పినట్టు చెయ్యి" అన్నాడు.

బావమరిది ఆ పూటే దిగాడు. ఉద్యోగం పోయి ఆర్నెల్లయింది. వీధిలో ఆయన్ని 'నలభై' అంటారు. వయసు నలభై దాటి ఏడేళ్ళయింది గానీ, ఆయన చేతిలో ఏ బండీ ఇంతవరకు నలభై దాటలేదు.

"బావా, సోమవారానికి అవుతుంది కదా? చొక్కాలు ఇస్త్రీకి ఇవ్వాలి."

"ముందు సామాన్లు రావాలిరా. కిట్టు తేవాలి."

"నేను తెచ్చేవాణ్ణే. మోకాలు..." అని నలభై మోకాలు నిమురుకున్నాడు. మోకాలికి ఏమీ కాలేదు. అది ఎప్పుడూ పని పుట్టే ముందే నొప్పెడుతుంది.

శుక్రవారం కిట్టు తెచ్చింది కోడలే. రెండు బస్సులు మారి వెళ్ళి, మధ్యాహ్నం ఒంటిగంటకు చెమటతో వచ్చింది. చిన్న అట్టపెట్టెల్లో కొత్త బుష్షులు, ఆయిల్ సీళ్ళు, వెంట్రుకంత సన్నటి రింగులు, గోరంత క్లిప్పులు. పంపాయన ఒక్కొక్కటీ తీసి పళ్ళేల్లో పేరుస్తున్నాడు.

"కొట్టాయన ఒక మాట చెప్పమన్నాడు," అంది కోడలు గ్లాసుడు నీళ్ళు తాగి. "టర్బోలు బిగించే ముందు వాటికి చమురు తెచ్చే పైపు విప్పి చూసుకోమన్నాడు. రెండు టర్బోలు ఒకేసారి పోయాయంటే తప్పు టర్బోలది అనుకోవద్దు, చమురు దారిది అనుకోమన్నాడు."

"పైపుల గురించి నాకు చెప్తాడా వాడు?" పంపాయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టాడు. "నేను పైపుల్లోనే బతికాను. వాడికి కిట్లు అమ్ముకోవడం తెలుసు, నాకు గొట్టాలు తెలుసు."

"చెప్పమన్నాడు, చెప్పాను."

ఆవిడ వెళ్ళి పడుకుంది. అత్తగారూ కునుకు తీస్తోంది. నలభై బయట బండిలో కూర్చుని సీటు ముందుకీ వెనక్కీ జరుపుకుంటున్నాడు. ఇల్లు సద్దుమణిగాక పంపాయన లేచాడు. కొట్టాయన మాట లక్ష్యపెట్టి కాదు. చూడలేదని రేపు ఎవరూ అనకూడదు కదా, అందుకు.

బానెట్ ఎత్తి పైపు విప్పుకొచ్చాడు. ఇంజిను దగ్గర ఒక గొట్టంగా మొదలై, మధ్యలో రెండుగా చీలి, రెండు టర్బోలకు చమురు తెచ్చే పైపు. రెండుగా చీలే చోట మధ్యలో బోలుగా ఉండే బోల్టు ఒకటి. బోలు బోల్టు అన్నమాట. పక్కన అగ్గిపుల్ల దూరేంత రంధ్రం. రెండు టర్బోలు తాగే చమురంతా ఆ రంధ్రంలోంచే రావాలి.

వెలుగుకు పట్టి చూశాడు. వెలుగు రాలేదు.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. భార్య కుట్టుపెట్టెలోంచి సూది తెచ్చి రంధ్రంలో పెట్టి మెల్లగా లాగాడు. వానపాములా సాగుతూ వచ్చింది. నీలం రంగు. మెత్తగా, రబ్బరులా. సూది కొసన వేలాడుతూ ఊగింది.

గమ్ము. ఆయన గమ్మే.

వానలకు ముందు ఈ జాయింటు దగ్గర చుక్కలు కారుతుంటే విప్పి, నీలం గమ్ము పూసి బిగించింది తనే. పంపుహౌసులో అదే అలవాటు. గమ్ము అంచు చుట్టూ బయటికి పొంగితేనే జాయింటు పట్టినట్టు. పొంగినదాన్ని వేలితో సాపు చేసి, ఆ వేలు ప్యాంటుకు తుడుచుకుంటే పని పూర్తి. బయటికి ఎంత పొంగుతుందో లోపలికీ అంతే పొంగుతుందని అక్కడ ఎవరూ ఆలోచించరు. అడుగు వెడల్పు గొట్టంలో ఆ కాస్త పొంగు ఎవరికడ్డం? కానీ ఇది అడుగు వెడల్పు గొట్టం కాదు. అగ్గిపుల్ల దారి. ఆరు నెలలుగా ఈ రెండు టర్బోలూ ఆ గమ్ము సందులోంచి ఉమ్మి తడి అంత చమురు పీల్చుకుంటూ, లక్ష చుట్లు తిరుగుతూ, మూలుగుతూ, చివరికి కమిలిపోయాయి.

పంపాయన గుండె ఇరుసులా కొట్టుకుంది. టక్ టక్. కిటికీ వైపు చూశాడు. ఎవరూ లేరు. ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో ఎన్నోసార్లు తుప్పు వదిలించాడు గానీ, తప్పు ఒప్పుకున్న సందర్భం ఒక్కటీ గుర్తుకు రాలేదు. అవసరం పడలేదనే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. సూదితో మిగిలిన గమ్మంతా గీకి తీశాడు. ముక్కలన్నీ అరచేతిలో పోగేసుకుని బాత్రూంలోకి వెళ్ళి కొళాయి పూర్తిగా తిప్పాడు. నీలం ముక్కలు కాసేపు గుండ్రంగా తిరిగి కన్నంలోకి పోయాయి.

"ఏమిటండీ ఆ నీళ్ళ చప్పుడు?" అంది భార్య నిద్రలోంచి.

"చేతులు కడుక్కుంటున్నా."

"ఇంతసేపా?"

బోలు బోల్టును డీజిల్లో మూడుసార్లు ముంచి, ఊది, వెలుగుకు పట్టాడు. రంధ్రంలోంచి కిటికీ కనిపించింది. కిటికీలోంచి బండి కనిపించింది. బండిలో నలభై అద్దం సరిచేసుకుంటూ తల దువ్వుకుంటున్నాడు.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, "పైపు చూశారా?" అని కోడలు అడిగింది.

"చూశా."

"ఏమైనా ఉందా?"

"శుభ్రంగా ఉంది," అన్నాడు పంపాయన. ఆ క్షణానికి అది నిజమే.

శనివారం పొద్దున్నే బిగింపు మొదలుపెట్టాడు. బిగింపు కంటే బింకం ఎక్కువైన మనిషికి ఆ రోజు రెండూ లేకుండా పోయాయి. బుష్షుకు చమురు రాసి దాని గూట్లోకి జార్చాడు. వెనక క్లిప్పు పెట్టాలి. పట్టకారు కొస జారింది. క్లిప్పు టింగుమని ఎగిరి ఎటో పోయింది.

"అయిపోయింది," అన్నాడు నేల మీద చేతులానించి. "అయిపోయింది. రెండే ఇచ్చాడు ఒక్కోదానికీ. ఇవాళ శనివారం. రేపు కొట్టు ఉండదు."

"కదలకండి," అంది కోడలు. చీపురు పుచ్చుకోలేదు. నేల మీద పడుకుని చెంప గచ్చుకు ఆనించి, టార్చిని నేలబారుగా తిప్పింది. సోఫా కింద సన్నటి మెరుపు. చెయ్యి చాచి తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది.

"ఇలా వెతకొచ్చని ఎవరు చెప్పారు?"

"డయాలసిస్‌కి వచ్చే పోస్టుమాస్టరు గారు బండిలో మాత్రలు పడేసుకుంటారు. ప్రతిసారీ వెతుకుతా."

తర్వాతది సన్నటి రింగు. ఇరుసు మీది గాడిలో కూర్చోబెట్టాలి. ఎక్కువ తెరిస్తే విరుగుతుంది, తక్కువ తెరిస్తే ఎక్కదు. పంపాయన రెండుసార్లు తెరిచి రెండుసార్లూ వెనక్కి తగ్గాడు. మూడోసారి రింగును కోడలి ముందు పెట్టాడు. ఆవిడ రెండు బొటనవేలి గోళ్ళతో రింగు నోరు కాస్త తెరిచి, ఒక చివర గాడిలో ఆనించి, మిగిలినది చుట్టూ జారవిడిచింది. చీమ నడిచినంత నెమ్మదిగా లోపల పడింది.

"భలే," అన్నాడు నలభై సోఫాలోంచి. "ఆడపిల్ల వేళ్ళు కదా."

"నువ్వు కాళ్ళు తియ్యరా ముందు. రెండో చక్రం మీద పెట్టావు."

రెండు గీతల ఇరుసు, రెండు గీతల చక్రం. గీతకు గీత కలిసిందా లేదా అని పంపాయన ఐదుసార్లు చూశాడు. కోడల్ని చూడమన్నాడు. మళ్ళీ తను చూశాడు. నట్టు ఎదురు మరలో బిగించి వేలితో మీటాడు. చక్రం చప్పుడు లేకుండా తిరిగి, తిరిగి, తన ఇష్టం వచ్చిన చోట ఆగింది. ఊపాడు. టక్ లేదు.

కోడలి ఫోను మోగింది. స్పీకరు పెట్టకపోయినా అవతలి గొంతు నట్టింట్లోకి వినిపించింది. ఆ ముగ్గురు రోగుల్లో ఒకరైన టీచరమ్మది. నలభై మంది పిల్లల్ని అదుపులో పెట్టిన గొంతు, రోగం వచ్చినా తగ్గలేదు.

"సోమవారం వస్తున్నావా తల్లీ? ఆ కొత్తవాడు నేను దిగీ దిగకముందే బండి కదిలిస్తాడు. నువ్వైతే పది నిమిషాలైనా ఇంజిను ఆన్‌లో ఉంచి, ఏసీ వేసి, నన్ను నిమ్మళంగా దింపుతావు."

"బండి వస్తుందండీ," అంది కోడలు.

"నువ్వో?"

"బండి వస్తుందండీ."

పంపాయన చేతిలో చమురు డబ్బా వాలిపోయి, దుప్పటి మీద నల్లటి మరక పెద్దదైంది. ఆయన చూడలేదు.

ఆదివారం మధ్యాహ్నానికి రెండు టర్బోలూ బండిలో కూర్చున్నాయి. అందరూ బయటికొచ్చారు. పంపాయన బోల్టులు బిగించి, గొట్టాల్లో చమురు పోశాడు. ముందు ఇంధనం అందకుండా చేసి ఇంజిన్ని ఉత్తినే తిప్పించాడు. చమురు టర్బోల గొంతు దాకా చేరాలి. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

"ఎన్నిసార్లు బావా? బ్యాటరీకి ఆయాసం వస్తుంది," అన్నాడు స్టీరింగు వెనకనుంచి నలభై. ఇస్త్రీ చొక్కా ఇవాళే వేసుకున్నాడు, రిహార్సలుకు.

"ఇంకొక్కసారి."

చివరికి స్టార్ట్ చేశారు. ఇంజిను అందుకుంది. గొట్టంలో మిగిలిన పాత చమురు కాలి గుప్పున నీలం మేఘం లేచింది. పంపాయన ఊపిరి బిగబట్టాడు. మేఘం పలచబడింది. ఇంకా పలచబడింది. తర్వాత వెనక ఏమీ లేదు, వేడికి గాలి వణకడం తప్ప. నలభై కాస్త తొక్కితే లోపల సన్నటి ఈల వినిపించింది. మంచి ఈల. గొంతు బాగున్నవాళ్ళు వేసే ఈల.

"బావ చేతిలో పడితే బాగుపడాల్సిందే!" అన్నాడు నలభై.

"కాల్చెయ్యకు తమ్ముడూ," అంది అత్తగారు. "మళ్ళీ మొదటికి తేకు. ఆగిన వెంటనే ఆపకు. విన్నావుగా మీ బావ చెప్పింది."

కోడలు కిటికీ దగ్గరికి వెళ్ళి మడతపెట్టిన కాగితం నలభైకి ఇచ్చింది. "చిన్న మామయ్యా, వరసగా రాశాను. మొదట టీచరమ్మ. ఆవిడ ఎడమచెయ్యి పట్టుకోకూడదు, సూదులు గుచ్చేది ఆ చేతికే. కుడి మోచెయ్యి పట్టుకోవాలి. పోస్టుమాస్టరు గారికి ముందు సీటు పూర్తిగా వెనక్కి జరపాలి. మూడో ఆయన మాట్లాడరు. తిరుగు ప్రయాణంలో ఆయనకు కళ్ళు తిరుగుతాయి. కుదుపు రాకూడదు. అడిగితే బాగుందంటారు, నమ్మకండి."

"ఇవన్నీ నేను చెయ్యాలా?" నలభై కాగితం తిప్పి వెనక కూడా ఏమైనా రాసుందేమోనని చూశాడు. ఉంది. "నేను డ్రైవర్నా, ఆయానా?"

"రెండూ," అంది కోడలు.

పంపాయన బానెట్ పట్టుకుని నిలబడ్డాడు. మూసెయ్యాలి. మూసేస్తే అయిపోయింది. నీలం ముక్కలు ఈపాటికి ఏ కాలవలో ఉన్నాయో. ఎవరూ చూడలేదు, ఎవరూ అడగరు. పంపాయన పంపాయనగానే ఉంటాడు. చెయ్యి బానెట్ మీద ఉంది గానీ కిందికి రావడం లేదు.

"ఆపు," అన్నాడు.

"నిమిషం అవనీ బావా, వెంటనే ఆపకూడదుగా..."

"ఆపరా!"

ఇంజిను ఆగింది. వీధిలో ఎవరిదో సైకిలు బెల్లు వినిపించింది.

"అమ్మాయి వల్ల పోలేదు టర్బోలు," అన్నాడు పంపాయన బానెట్ వైపు చూస్తూనే. "నా వల్ల పోయాయి. వానలకు ముందు చమురు పైపుకు గమ్ము పూశాను కదా. అది లోపలికి పొంగి దారి మూసేసింది. అంతే. తను ఎలా నడిపిందన్నది లెక్కలోకే రాదు."

"ఎండ తగిలిందా బావా?" అన్నాడు నలభై.

"గమ్మేమిటండీ?" అంది భార్య. "పైపు శుభ్రంగా ఉందన్నారుగా మొన్న రాత్రి?"

"శుభ్రం చేశాక అన్నాను."

ఆవిడ నోరు తెరిచింది. ముప్పై ఏళ్ళలో మొగుడి ముందు ఆవిడకు మాట దొరకని మొదటి సందర్భం అది. అది చూసే ఆయనకు అన్నిటికన్నా ఎక్కువ భయమేసింది.

కోడలు ఇటు తిరిగింది. మొహంలో కోపం వెతికాడు పంపాయన. కనిపిస్తే బాగుండుననుకున్నాడు. ఏమీ కనిపించలేదు. రింగు ఎక్కించేటప్పుడు చూసినట్టే చూస్తోంది.

"ఎప్పుడు చూశారు?"

"శుక్రవారం. మధ్యాహ్నం."

"ఇవాళ ఆదివారం."

"అవును."

ఆవిడ రెండడుగులు వేసి బండి ముందుకొచ్చింది. ఇంజిన్ వైపు చూసింది.

"ఇంకెక్కడైనా పూశారా?"

ఆ ప్రశ్న ఆయన వెయ్యి రకాలుగా ఊహించుకున్న ప్రశ్నల్లో లేదు. ఎందుకు చెప్పలేదు, ఎలా చేశారు, నన్ను ఎందుకన్నారు - వీటన్నిటికీ రెండు రాత్రులు జవాబులు కూర్చాడు. దీనికి మాత్రం జవాబు తడుముకోవాల్సి వచ్చింది. ఒక్కో జాయింటూ గుర్తు తెచ్చుకున్నాడు.

"ఫిల్టరు గిన్నెకు. అది ఇంజినుకు అతుక్కునే చోట. ఆ రోజే, అదే ట్యూబుతో."

"ఫిల్టరుకు ముందా, దాటాకా?"

"దాటాక వెళ్ళే దారి కూడా అక్కడే."

"అంటే మళ్ళీ టర్బోల్లోకే."

"మళ్ళీ టర్బోల్లోకే," అన్నాడు పంపాయన. "ఇంకా... నీళ్ళ గొట్టానికి. అది పర్వాలేదు."

"పర్వాలేదో కాదో విప్పి చూద్దాం. చిన్న మామయ్యా, దిగండి. జాకీ ఎక్కించాలి."

నలభై కాగితం పట్టుకుని దిగాడు. దిగాలా వద్దా అని ఎవరూ చర్చించలేదు. జాకీ ఎక్కించిన బండిలో ఎవరూ కూర్చోరు కదా. ఆయన కాసేపు అటూ ఇటూ చూసి, కాగితాన్ని బండిలో పక్క సీటు మీద పెట్టి, మోకాలు నిమురుకుంటూ అరుగు మీద కూర్చున్నాడు. అక్క వచ్చి పక్కన నిలబడి, "చొక్కా మాస్తుంది, లోపలికెళ్ళి మార్చుకో" అంది. గొంతులో ముద్దూ లేదు, విసుగూ లేదు.

కోడలు బండి కిందికి దూరింది. పంపాయన పక్కన గొంతుక్కూచుని లైటు పట్టుకున్నాడు.

"పదమూడు నంబరు," అని చెయ్యి బయటికి చాచింది. ఆయన పానా పెట్టాడు. "పెద్ద బేసిను." పెట్టాడు. నల్లటి చమురు ధార పడింది. చివరి బోల్టు వదిలి, ఫిల్టరు గిన్నె రెండు చేతులతో పట్టుకుని బయటికి జరిగింది.

లోపలి అంచున నీలం గమ్ము పెదవిలా వేలాడుతోంది. ఒక కొస అప్పుడే తెగి, చమురు వెళ్ళే రంధ్రం వైపు తిరిగి, పోగంత దారంతో ఆగి ఉంది. కోడలు చిటికెన వేలితో తాకింది. ఊడి వేలికి అంటుకుంది. ఎంతోసేపు పట్టుకుని చూడాల్సినంత పెద్దది కాదు. ఇద్దరూ చాలాసేపే చూశారు.

"రేపో ఎల్లుండో ఊడేది," అన్నాడు పంపాయన.

"ఊడితే చిన్న మామయ్య తొక్కేశాడనేవాళ్ళం," అంది కోడలు.

ఆయన తల వంచుకున్నాడు. ఆవిడ నవ్వలేదు. బ్లేడు తీసి అంచు గీకడం మొదలుపెట్టింది. ఆయన గుడ్డ అందించాడు. గీకడమంతా అయ్యాక డిక్కీలో దాచి ఉంచిన కొత్త గాస్కెట్ ఒక్కటే పెట్టి, ఇంకేమీ పూయకుండా గిన్నె కూర్చోబెట్టారు. పంపాయన వేళ్ళు అలవాటుగా ట్యూబు కోసం తడుముకున్నాయి. ఉత్త అంచు మీద ఉత్త గాస్కెట్. కారదా? కారితే? ఆయన పానా అందుకుని బోల్టు బిగించాడు. బిగుసుకుంది. ఇంకో పావు చుట్టు తిప్పబోయాడు.

"చాలు," అంది కోడలు.

ఆగాడు. చమురు ఆగుతుందని నమ్మకం లేదు గానీ, ఆగాడు. నీళ్ళ గొట్టం విప్పి, గీకి, మళ్ళీ పెట్టేసరికి పొద్దు వాలింది. ఆ రోజు ఇంకేమైనా కారుతుందేమోనని బండి కింద పేపర్లు పరిచారు. పంపాయన పడుకునే లోపు నాలుగుసార్లు వెళ్ళి పేపర్లు చూసి వచ్చాడు. చివరిసారి వెళ్ళేసరికి, పేపరు పక్కన చెప్పులు విడిచి కోడలు వంగి చూస్తోంది. ఆయన వెనక్కి వచ్చేశాడు.

సోమవారం ఐదున్నరకు ఇంకా వీధి దీపాలు ఆరలేదు. పేపర్ల మీద చుక్క లేదు. కోడలు స్టీరింగు ముందు కూర్చుంది. పక్క సీటు మీది కాగితం తీసి, చూడకుండానే మడిచి డాష్‌బోర్డులో పెట్టింది. ఇంజిను అందుకుంది. పంపాయన బండి వెనక్కి వెళ్ళి, పొగ గొట్టానికి రెండడుగుల దూరంలో మోకాళ్ళ మీద చేతులానించి వంగాడు. వేడి గాలి మొహానికి తగులుతోంది. ఈల వినిపిస్తోందా? వినిపిస్తోంది. రెండిట్లోనూ వినిపిస్తోందా, ఒకదాన్లోనేనా? చెవి ఒగ్గాడు. ఆ ముక్క ఒక్కటేనా, వేలికి అంటకుండా మరోటి లోపలికి జారిందా? దారిలో ఎక్కడైనా ఆగిపోతే? టీచరమ్మ ఎడమచెయ్యి ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

కిటికీ అద్దం దిగింది. కోడలు తల బయటికి పెట్టింది.

"ఏమైనా కనిపిస్తోందా?"

"ఏమీ లేదు."

"సరిగ్గా చూసి చెప్పండి."

ఆయన ఇంకా కిందికి వంగి, కళ్ళజోడు తీసి చొక్కాకు తుడిచి, పెట్టుకుని, మళ్ళీ చూశాడు.

"ఏమీ లేదమ్మా. నిజంగానే లేదు."

"అయితే పక్కకు జరగండి మామయ్యగారూ," అంది కోడలు. "వెనక్కి తియ్యాలి."

ఆయన జరిగాడు.